పసిపిల్లలతో బొమ్మల ఆట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదేళ్ల లోపు పిల్లల్ని ఆడించే అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు, క్రెష్ టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇందులో చెప్పిన నెలలన్నీ సుమారు లెక్కలే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే రెండేళ్లు వచ్చేదాకా వయసును పుట్టినరోజు నుంచి కాకుండా, డాక్టర్ ముందుగా చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టండి.

ఇంటరాక్టివ్ బొమ్మ అంటే బటన్ నొక్కితే పాడేది, మాట్లాడేది అనేగా?

ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా అవే. కానీ బిడ్డకు కావాల్సిన బదులు ఎదురుగా కూర్చున్న మనిషి నుంచి రావాలి. బటన్ ఎన్నిసార్లు నొక్కినా అదే పాట వస్తుంది. బిడ్డ నవ్వినా, జడుసుకున్నా, విసుగొచ్చి మొహం తిప్పుకున్నా ఆ బొమ్మకు తెలియదు. మీకు తెలుస్తుంది, దాన్నిబట్టి మీరు చేసేదీ మారుతుంది. పిల్లలు నేర్చుకునేది ఆ మార్పులోంచే.

2016లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో 10 నుంచి 16 నెలల పిల్లలు 26 మంది, వాళ్ల అమ్మానాన్నలు ఇంట్లో ఆడుకుంటుంటే మాటలు రికార్డు చేశారు. ఒకసారి మాట్లాడే ఎలక్ట్రానిక్ బొమ్మలు, ఒకసారి బ్లాక్స్, పజిల్ లాంటి మామూలు బొమ్మలు, ఒకసారి బొమ్మల పుస్తకాలు ఇచ్చారు. పెద్దవాళ్లు అన్నిటికంటే తక్కువ మాట్లాడింది ఎలక్ట్రానిక్ బొమ్మలతోనే. బొమ్మ వాగుతూ ఉంటే మనం మాట్లాడే పని దానికి వదిలేస్తాం, జరిగేది అదే.

అలాంటి బొమ్మ ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. బ్యాటరీలు తీసేసి ఇవ్వండి. అప్పుడు కుక్కబొమ్మకు భౌభౌమనడం మీ పని అవుతుంది, కొన్నాళ్లకు బిడ్డ పని అవుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. చేతులు సరిగ్గా కదపలేని పిల్లలకు పెద్ద స్విచ్ తాకితే కదిలే బొమ్మలు నిజంగా మేలు చేస్తాయి. "నేను చేస్తే ఏదో జరిగింది" అన్న అనుభవం వాళ్లకు ఇంకో దారిలో దొరకడం కష్టం.

సరే, పక్కన కూర్చుని నేనేం చేయాలి?

పక్కన కాదు, ఎదురుగా కూర్చోండి. నేల మీద, మీ కళ్లు బిడ్డ కళ్ల ఎత్తులో ఉండేలా. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బిడ్డకు మీ ముఖం కనిపించదు, మీకు బిడ్డ చూపు ఎటు పోతోందో తెలియదు.

పది నెలల పాప ముందు వెడల్పాటి మూతి ఉన్న డబ్బా, మూడు బంతులు పెట్టారనుకుందాం. పాప బంతి తీస్తుంది, డబ్బా అంచు దాకా తెస్తుంది, అక్కడ చెయ్యి ఆగిపోతుంది. పట్టుకోవడం ముందు వస్తుంది, కావాలని వేళ్లు విప్పి వదలడం ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలోనే చాలామంది "వెయ్యి, వెయ్యి" అంటూ చేతిలో బంతి లాక్కుని డబ్బాలో పడేస్తారు. అలా చేయకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. అయినా చెయ్యి విప్పలేకపోతే డబ్బాను కాస్త దగ్గరికి జరిపి, అంచు పాప మణికట్టుకు ఆనేలా పట్టుకోండి. చేతికి ఆసరా దొరికితే వేళ్లు తేలిగ్గా విడుస్తాయి. బంతి టప్‌మని పడుతుంది. పాప తలెత్తి మీ ముఖం చూస్తుంది.

మీ వంతు వచ్చేది అప్పుడు. "పడింది!" అనండి, ఆ ఒక్క మాట చాలు. మీరూ ఒక బంతి వేసి, డబ్బా పాప వైపు జరిపి, మళ్లీ నోరు మూసుకుని ఆగండి. పాప చేసింది, మీరు బదులిచ్చారు, మళ్లీ పాప చేస్తుంది. ఇలా నాలుగైదు వంతులు తెగకుండా సాగితే ఆ రోజు ఆట బాగా కుదిరినట్టే.

ఎక్కువగా చెడేది ఆగే దగ్గరే. ఐదు సెకన్లు పెద్దవాళ్లకు చాలా పొడవుగా అనిపిస్తాయి. ఆ మధ్యలో ఇంకో బొమ్మ చూపించేస్తారు, లేదా ప్రశ్న వేసేస్తారు. బిడ్డ అప్పటికి సిద్ధం చేసుకుంటున్న బదులు అక్కడికక్కడే ఆగిపోతుంది.

రోజుకు ఎంతసేపు ఆడించాలి?

గంటల లెక్క పెట్టుకోకండి. ఏడాది లోపు బిడ్డకు ఒక్కోసారి 5 నిమిషాలు, రెండేళ్ల పిల్లలకు 10 నుంచి 15 నిమిషాలు, రోజులో రెండు మూడు సార్లు, ఫోన్ వేరే గదిలో పెట్టి. వెనకాల టీవీ ఆగి ఉండాలి. ఎవరూ చూడకపోయినా అది మోగుతుంటే పిల్లల ఆట ముక్కలుముక్కలవుతుంది.

కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న సమయం మంచిది. మొహం తిప్పుకోవడం, కళ్లు నులుముకోవడం, వీపు విల్లులా వంచడం, ఉన్నట్టుండి చిరాకుపడటం చూస్తే ఆపేయండి. పసిబిడ్డ మొహం తిప్పుకుంటే ఒక్కోసారి అది కొద్దిపాటి విరామమే, కాసేపటికి తనే మళ్లీ మీ వైపు చూస్తుంది. ముందుకొచ్చి గిలక్కాయ ఇంకా గట్టిగా ఊపడం మాత్రం తప్పు.

ఏ వయసుకు ఏ బొమ్మ?

పెట్టె మీద రాసిన వయసు భద్రతకు సంబంధించింది, తెలివికి కాదు. "మా వాడు చురుకైనవాడు" అని మూడేళ్ల పైబడినవాళ్ల బొమ్మ ఏడాదిన్నర పిల్లవాడికి ఇవ్వకండి.

మొదటి మూడు నెలలు మీ ముఖమే బొమ్మ. పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. నలుపు తెలుపు గీతల బొమ్మను ఆ దూరంలో పట్టుకుని మెల్లగా పక్కకు జరపండి, కళ్లు వెంట వస్తాయి. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా మీరూ బోర్లా పడుకోండి. మొదట్లో నిమిషం, రెండు నిమిషాలు చాలు. నిద్రకు మాత్రం వెల్లకిలానే.

నాలుగు నుంచి ఆరు నెలలకు చెయ్యి చాపడం వస్తుంది. బిడ్డ వేళ్లు చుట్టూ పట్టేంత సన్నటి పిడి ఉన్న గిలక్కాయ ఇవ్వండి. లావు పిడైతే జారిపోతుంది, బరువైతే మొహం మీద పడుతుంది. చేతిలో కుక్కకుండా ఛాతీకి ఎదురుగా, అందీ అందనట్టు పట్టుకోండి. చెయ్యి చాపి అందుకోవడంలోనే సగం సాధన ఉంది.

ఏడు నుంచి పన్నెండు నెలలు అన్నిటికంటే ఆసక్తికరమైన కాలమని మా అభిప్రాయం. కళ్లముందు లేని వస్తువు కూడా ఎక్కడో ఉందన్న సంగతి ఈ వయసులోనే తెలుస్తుంది. దోబూచులాటకు అంత పగలబడి నవ్వేది అందుకే. బొమ్మను గుడ్డ కింద సగం దాచండి. తీయడం వచ్చాక పూర్తిగా దాచండి. అదీ వచ్చాక రెండు గుడ్డలు పరిచి ఒకదాని కింద పెట్టండి. రెండు గుడ్డల ఆటలో బిడ్డ మొదట దొరికిన చోటే మళ్లీ వెతుకుతుంటే అది మామూలే. చేతికో బ్లాక్ ఇస్తే రెండూ కొట్టి చప్పుడు చేయడం, డబ్బాలో వేసి తీయడం కూడా ఈ నెలల్లోవే.

నడక వచ్చాక తోసుకెళ్లే బండి, తాడు కట్టి లాగే బొమ్మ. ఏడాదిన్నర దాటాక ఆకారాలు దూర్చే పెట్టె, పిడి ఉన్న పజిల్, తినిపించి పడుకోబెట్టే పిల్లబొమ్మ. మూడేళ్లకు పెద్ద పూసలు గుచ్చడం వస్తుంది. నాలుగేళ్లకు వంతులున్న చిన్న ఆటలు, ఓడిపోయి ఏడవడంతో సహా.

ఎన్ని బొమ్మలు ఇవ్వాలి?

ఒక్కసారికి నాలుగైదు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 36 మంది చిన్నపిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మిగతావి మూత పెట్టి దాచి, వారానికోసారి రెండు మూడు మార్చండి. బాగా ఇష్టమైనదాన్ని మార్చకండి.

అన్నీ నోట్లో పెట్టుకుంటోంది. మాన్పించాలా?

వద్దు. ఏడాదిలోపు బిడ్డకు నోరే చేతికంటే బాగా తెలిసిన పనిముట్టు. మెత్తనా గట్టిదా, చల్లనా నున్ననా అన్నీ నోటితోనే తెలుసుకుంటుంది. నోట్లో పెట్టుకోదగ్గవే అందుబాటులో ఉంచడం మన వంతు. ప్లాస్టిక్ బొమ్మలు సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. చెక్కవి నానబెట్టకుండా తడిగుడ్డతో తుడవండి, నానితే పగుళ్లు తీసి పేడు లేస్తుంది. నీళ్లు చిమ్మే స్నానపు బొమ్మల్లో లోపల బూజు పడుతుంది. ప్రతిసారీ నీరంతా పిండేయాలి, పిండితే నల్లటి నలకలు వస్తే పారేయాలి.

ఇచ్చినవన్నీ కింద పడేస్తోంది. నన్ను విసిగించడానికేనా?

కాదు. వదిలితే పడుతుందా, ఎంత చప్పుడవుతుంది, అమ్మ తీసిస్తుందా అని చూస్తోంది. మూడో ప్రశ్నకు జవాబు ఎక్కువ ఇష్టం. నాలుగైదుసార్లు తీసివ్వండి, ప్రతిసారీ "పడిపోయింది" అనండి. తర్వాత నేల మీద కూర్చుని అదే పనిని డబ్బా ఆటగా మార్చేయండి. రెండేళ్లు దాటినవాళ్లు ఎదుటివాళ్ల మీదికి విసిరితే మాత్రం బొమ్మ పక్కన పెట్టి, విసరదగ్గ మెత్తటి బంతి, విసరదగ్గ బుట్ట చూపించండి.

బ్లాక్స్ పేర్చడం ఎలా నేర్పాలి? రెండోది పెట్టగానే పడిపోతోంది.

ముందు నేల చూడండి. తివాచీ, పరుపు, బొంత మీద అయితే అడుగు బ్లాకే కదులుతుంది. గట్టి నేల లేదా పెద్ద పళ్లెం మీద పెట్టించండి. ఒక్కో వైపు 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉన్న చెక్క బ్లాక్స్ మొదటివాటికి సరిపోతాయి. మరీ తేలిక ప్లాస్టిక్‌వి చెయ్యి తగిలితే చాలు జరిగిపోతాయి.

మొదట మీరు కట్టండి, తను కూల్చనివ్వండి. కూల్చడం కూడా ఆటే, అదే ముందు వస్తుంది. తర్వాత మీరు రెండు పేర్చి మూడోది తన చేతికివ్వండి. పెట్టాక వెంటనే వదలకుండా కిందికి నొక్కి లాగుతుంటే బ్లాక్ వేళ్లకు అంటుకున్నట్టు వచ్చేసి గోపురం పడుతుంది. వదలడం ఇంకా పూర్తిగా రాలేదన్నమాట. కింది బ్లాక్‌ను మీరు రెండు వేళ్లతో కదలకుండా పట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. చాలామంది పిల్లలు 15 నెలలకు రెండు పేరుస్తారు.

"పైన", "కింద", "పక్కన", "ఇంకా పెద్దది" లాంటి మాటలు బ్లాక్స్ దగ్గర వచ్చినంత సహజంగా ఇంకెక్కడా రావు. వాడుకోండి.

పజిల్ ఇస్తే ఒక్క నిమిషంలో విసిరేస్తున్నాడు.

కష్టం ఎక్కువై ఉంటుంది. చివరి నుంచి మొదలుపెట్టండి. నాలుగు ముక్కల్లో మూడు మీరే అమర్చి, నాలుగోది సగం దూర్చి వదిలేయండి, బాబు నొక్కితే చాలు. అది తేలికయ్యాక సగం దూర్చకుండా పక్కన పెట్టండి. తర్వాత రెండు ముక్కలు మిగల్చండి. ప్రతిసారీ పూర్తి చేసింది తనే అవుతాడు.

ముక్క దూరకపోతే చెయ్యి పట్టి తిప్పేయకండి. మొదట ఆగండి. తర్వాత "తిప్పి చూడు" అనండి. అప్పటికీ కాకపోతే వేలితో చూపించండి. చిట్టచివరికే చెయ్యి కలపండి. కుదరగానే మళ్లీ ఒక మెట్టు వెనక్కి తగ్గండి. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత 21 చెక్కముక్కలతో పిరమిడ్ కట్టిస్తూ గమనించింది ఇలాంటి సాయాన్నే. భవనం కట్టేటప్పుడు వేసే పరంజాతో దాన్ని పోల్చారు. గోడ నిలబడే కొద్దీ పరంజా తీసేస్తారు కదా.

ఆటతో మాటలు త్వరగా వస్తాయా?

బిడ్డ చూస్తున్న వస్తువు పేరు చెబితే మాట బాగా అతుకుతుంది. బిడ్డ కారు చూస్తుంటే మీరు బంతి చూపించి "బంతి, బంతి" అంటే ఆ మాట వృథా. ముందు చూపు ఎటు ఉందో చూడండి, తర్వాత పేరు చెప్పండి.

తను "కా" అంటే మీరు "కారు" అనండి. "కారు" అంటే మీరు "ఎర్ర కారు" అనండి. ఒక్క మాట కలపడమే, పాఠం కాదు. "ఇదేంటి? రంగేంటి? ఎన్ని ఉన్నాయి?" అని వరసగా అడిగితే ఆట పరీక్షలా మారి బిడ్డ లేచి వెళ్లిపోతుంది. నాలుగు మాటలు చెబితే ఒక ప్రశ్న, ఈ పాళ్లు సరిపోతాయి. ఇంట్లో రెండు భాషలుంటే ఎవరికి బాగా వచ్చిన భాషలో వాళ్లు ఆడించండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు.

పిల్లబొమ్మకు తినిపిస్తోంది, బ్లాక్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఫోన్ అంటోంది. ఇందులో నేర్చుకునేదేముంది?

చాలా ఉంది. బ్లాక్‌ను ఫోన్ అనుకోవడమంటే ఒక వస్తువు ఇంకోదానికి బదులు నిలబడగలదని తెలియడం. మాట కూడా అలాంటిదే, అక్షరం కూడా అంతే. రెండున్నరేళ్లకు ఇది బాగా కనిపించాలి.

మీరూ ఆటలో పాత్ర తీసుకోండి, కానీ కథ నడిపేది బిడ్డే. ఆగిపోతే చిన్న ఇబ్బంది ఒకటి తెండి: "అయ్యో, పాపాయికి చలేస్తోంది." దుప్పటి ఎక్కడ, దేన్ని దుప్పటి చేయాలి అన్నది తను ఆలోచిస్తుంది. అబ్బాయిలకు పిల్లబొమ్మ, అమ్మాయిలకు కార్లు, బ్లాక్స్ ఇవ్వకుండా ఆపడం వాళ్లకు నష్టమే.

వేరే పిల్లలకు బొమ్మ ఇవ్వడు. స్వార్థమా?

రెండేళ్లకు అది స్వార్థం కాదు. ఆ వయసులో పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు, కలిసి ఆడటం తర్వాత వస్తుంది. ఒకే రకం బొమ్మలు రెండు పెట్టండి. బంతి దొర్లించే ఆట పెద్దవాళ్లతో ముందు ఆడించండి: "నా వంతు... నీ వంతు." ఇస్తే మళ్లీ వెనక్కి వస్తుందన్న నమ్మకం అక్కడ కుదురుతుంది. లాక్కుని పంచితే అది పోతుంది.

వాకర్‌లో వేస్తే త్వరగా నడుస్తారా? ట్యాబ్‌లో ఎడ్యుకేషన్ గేమ్స్ మాటేంటి?

చక్రాల వాకర్ నడక నేర్పదు. పైగా మెట్ల మీంచి దొర్లే ప్రమాదం ఉంది. కెనడా 2004లో దాన్ని నిషేధించింది. నేల మీద వదిలి, పట్టుకుని నిలబడటానికి కదలని బల్ల ఇవ్వండి.

తెర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది స్పష్టంగా ఉంది: రెండేళ్ల లోపు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మేలు. దూరాన ఉన్నవాళ్లతో వీడియో కాల్ వేరే సంగతి, అక్కడ బదులిచ్చే మనిషి ఉంటారు.

భద్రత విషయంలో తప్పనిసరిగా చూడాల్సినవి?

బటన్ సెల్ (గుండీలా ఉండే చిన్న బ్యాటరీ) అన్నిటికంటే ప్రమాదం. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. బొమ్మ బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. చిన్న అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే పేగు గోడలకు చెరోవైపు అతుక్కుని రంధ్రం చేస్తాయి.

మూడేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇంట్లో 4.5 సెంటీమీటర్ల కంటే చిన్న బంతి ఉండకూడదు. టాయిలెట్ పేపర్ చుట్టే అట్టగొట్టంలో దూరేదేదైనా గొంతుకు అడ్డం పడగలదనుకోండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి. తాడు కట్టిన బొమ్మలు తొట్టెలో, ఉయ్యాలలో పెట్టకండి. నెలకోసారి బొమ్మలన్నీ పరచి, ఊడిపోతున్న కళ్లు, వదులైన చక్రాలు, పగుళ్లు చేత్తో లాగి చూడండి.

తనంతట తాను ఆడుకుంటుంటే మధ్యలో వెళ్లాలా?

వద్దు. లీనమై ఆడుతుంటే మెచ్చుకోలు కూడా అడ్డమే. తను తలెత్తి మీ కోసం చూసినప్పుడు అక్కడ ఉంటే చాలు.

ఆటలో ఏం కనిపిస్తే డాక్టరును కలవాలి?

ఆరు నెలలు దాటినా కావాల్సిన బొమ్మ కోసం చెయ్యి చాపకపోతే. తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే చూడకపోతే (ముందు వినికిడి పరీక్ష చేయించాలి). ఏడాదిన్నరకు ఏదైనా చూపించడానికి వేలు చాపకపోతే. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచితే. వచ్చిన మాటా, ఆటా పోతే, అది ఏ వయసులోనైనా సరే, ఆగకండి.

బొమ్మకారు చక్రాలు తిప్పుతూ కూర్చోవడం ఒక్కటే చూసి కంగారుపడక్కర్లేదు, చాలామంది పిల్లలు తిప్పుతారు. గంటల తరబడి అదే చేస్తూ, మీ వైపు చూడకుండా, ఆపితే తట్టుకోలేకపోతుంటే అప్పుడు చూపించండి.

వెళ్లే ముందు ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు రెండు మూడు నిమిషాల వీడియోలు రెండు తీసుకెళ్లండి: ఒకటి ఒంటరిగా ఆడేటప్పుడు, ఒకటి మీతో ఆడేటప్పుడు. ముఖం, చేతులు రెండూ కనిపించాలి, మీ గొంతు కూడా వినిపించాలి. క్లినిక్‌లో కొత్త మనుషుల మధ్య బిగుసుకుపోయే పిల్లలు చాలామంది, డాక్టరుకు ఆ వీడియోలో దొరికే సంగతులు అక్కడి పది నిమిషాల్లో దొరకవు.